గడియారం చూడని తిరుమలరావు

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో కూర్చుని తిరుమలరావు కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు. అతని ప్రోగ్రాము తనంతట తాను గడియారం చూడదు. టైమెంతో ఎవరో ఒకరు చెప్పాలి. అప్పుడే దానికో దొంగ గడియారం తగిలించి, డిసెంబరు ముప్పై ఒకటి అర్ధరాత్రి అదేం చేస్తుందో ఏ వేసవి మధ్యాహ్నమో పరీక్షించవచ్చు. ఆ పద్ధతి చివరికి మనిషికే ఒంటబట్టింది. వాచీ పెట్టుకోడు, గోడవైపు చూడడు. మెడ నిమురుకుంటూ, "ఊర్మిళా, ఇప్పుడెంతయిందనుకోమంటావ్?" అని భార్యనే అడుగుతాడు. ఒకసారి ఆమె ఒంటిగంటంటే భోంచేశాడు. కాసేపాగి మళ్లీ ఒంటిగంటంటే మళ్లీ భోంచేశాడు. విశాఖ సముద్రం చూపించమంటే మాత్రం, పదేళ్లు పోనిమ్మంటాడు. ఆ పూట ఊర్మిళ తెగించింది. "ఏటండీ, పదేళ్లూ అయిపోనాయి. ఎల్దాం పదండి." తిరుమలరావు వెంటనే లేచి రెండు చొక్కాలు సంచిలో పెట్టాడు. అంతలో ఆగి, ఆమె తలవైపు వంగి చూశాడు. "అబద్ధం! నీకొక్క తెల్లెంట్రుకైనా రానేదు, పదేళ్లెలాగయిపోతాయి?" చొక్కాలు బయటికి వచ్చేశాయి. నిన్ననే తలకు రంగేసుకున్న సంగతి ఒక్క మాట చెబితే చాలు, సాయంత్రం రైల్లో ఉండేవాళ్లు. ఊర్మిళ జుట్టు సవరించుకుని, "అచ్ఛా, టీ పెట్టమంటారా?" అంది.