మా మేనత్త పుస్తకం మీద గడ్డం

1934. మా మేనత్త రాసిన పసిపిల్లల ఇంటివైద్యం, తొలి ముద్రణ. ఆదోనిలోని అచ్చుకూటం వారు శుభలేఖలకు వాడే దిమ్మెనే అట్ట మీద అద్దారు: రెండు చిలుకలు, నడుమ కలశం. లోపల విరేచనాలకు మందు.

1939. రెండవ ముద్రణ, చెన్నపట్నం ప్రచురణకర్తలది. అట్ట మీద రంగులలో ఒక యువతి. నుదుట కుంకుమ, చేతినిండా గాజులు, ఒడిలో బొద్దు బిడ్డ.

1947. మూడవది, వారిదే. యువతి లేదు, బిడ్డ లేదు. మందు నూరే కల్వం ముందు గడ్డపు ఋషి.

మూడు ప్రతులూ ఎదుట పెట్టుకునే రాస్తున్నాను. మా అత్త పసితనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరింది. తలమీద ముసుగుతోనే మా వీధి బిడ్డలందరికీ నీళ్లు పోసింది. నాకూ పోసింది.

చిలుకలను చూసి ముహూర్తం ఎప్పుడని అడిగినవారున్నారు. అది అచ్చుకూటం వారి బద్ధకం, క్షమించవచ్చు. రెండవ ప్రతిని ఎమ్మిగనూరు పెండ్లిపందిట్లో మా దాయాది ఒకడు పదిమందికీ చూపాడు. "ఏమన్నా, ఈ వయసులో మీ యత్తకు పెండ్లి సేసినారా? మాకు పిలుపే ల్యాకపాయ."

ప్రచురణకర్తలకు ఘాటుగా రాస్తానని ఇంటికి వచ్చి చెప్పాను. అత్త బొమ్మను కిటికీ వెలుతురులో చాలాసేపు చూసింది.

"బొట్టు వాళ్లు పెట్టినారు, నేను పెట్టుకోల్యా. ఉండనీ నాయనా. ఆడమనిషి రాసిందని తెలుస్తాది కదా."

అందుకే రాయలేదు. తీరా వారే, ఆమెను ఒక్క మాటైనా అడగకుండా, ఋషిని తెచ్చి కూర్చోబెట్టారు. వారి ఏజెంటు ఆదోనికి వచ్చినప్పుడు నిలదీస్తే, వైద్యానికి గడ్డముంటేనే గౌరవమని సెలవిచ్చాడు. గడ్డంతో జ్వరం తగ్గేటట్లైతే మా వీధి మేకలన్నీ ధన్వంతరులే.

అత్త మాత్రం ఒకటే అడిగింది: "ఈయప్ప ఎవరు నాయనా? ఎంతమంది బిడ్డలకు నీళ్లు పోసినాడంట?"

ఆ ఏడే ఆలూరు నుండి ఒక తల్లి, దగ్గుతున్న బిడ్డనెత్తుకుని, పుస్తకంలోని చిరునామా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. తలుపు తీసింది అత్తే. సామి యాడ ఉన్నాడని అడిగింది ఆమె.

"సామి ల్యాడు తల్లీ, అది రాసింది నేనే. బిడ్డను ఇట్ల తే."

ఆ తల్లి అట్ట చూసింది, అత్త ముసుగు చూసింది, బిడ్డకు కొంగు కప్పి తిరిగిపోయింది. చాచిన చేతులతో అత్త గడపలోనే నిలబడిపోయింది.

కావున ప్రచురణకర్తలకు తెలియజేయునది. ఆ గడ్డం ఎవరిది? ఎవరి అనుమతితో అట్టకెక్కింది? ఆ చోట స్త్రీని తిరిగి ఎప్పుడు నిలుపుతారు? బొట్టు ఉన్నా సరే, లేకున్నా సరే. ఏజెంటును పంపి నోటిమాటలతో సరిపెట్టవద్దు. సంతకంతో కూడిన లిఖితపూర్వక సమాధానాన్ని రచయిత్రి పేరిట, ఆమె బ్రతికి ఉండగానే పంపవలెను.