గోడవైపు తిప్పిన బొమ్మలు

నెల్లూరులో చిత్రాల ప్రదర్శనకు వచ్చే ముఖ్య అతిథులు దీపం వెలిగించి, శాలువా కప్పించుకుని, బొమ్మలు చూడకుండానే వెళ్లిపోతుంటారు. అందుకే మా గ్యాలరీ నడిపే అక్క ప్రారంభం రోజున బొమ్మలన్నిటినీ గోడవైపు తిప్పి ఉంచేది.

"శాలువా యాడికీ పోదు సార్. ముందు మీ చేత్తో ఒక్కోటీ ఇటు తిప్పండి," అనేది నవ్వుతూ.

నా మొదటి బొమ్మ పెట్టిన రోజు, దానిమీద పేరు రాయడానికి కూడా భయపడి, నేను తలుపు చాటున నిలబడ్డాను. అతిథి దాన్ని తిప్పి, అందులో మైపాడు సముద్రపు ఒడ్డున ఆరేసిన వలలను చాలాసేపు చూశారు.

"ఎవరు గీసినారమ్మా?"

అక్కకు తెలుసు. అయినా నావైపు చూడలేదు.

"గీసినామె ఈడనే ఉంది సార్. ఆమెనే చెప్పనీండి."

ఎవరో నా పేరు చెప్పడానికి గొంతు సవరించుకుంటే అక్క చేయెత్తి ఆపింది. హాలంతా ఎదురుచూసింది.

"నేనే సార్," అంటూ ముందుకు వచ్చాను.