అక్క దరఖాస్తు

మొన్న ఆదివారం మా మనవరాలు నా మంచం మీద చేరి, ఎలిమెంటరీ టీచరు ట్రైనింగు ఎంట్రెన్సుకు ఫోనులోనే దరఖాస్తు నింపుతూ, ఫోటో ఎక్కడ పెట్టాలో సంతకం ఎక్కడ పెట్టాలో తనకు తానే చెప్పుకుంటూ, మధ్యలో ఊరికే తలెత్తి, నీకు ఈ పరీక్షకు ఎవరు చదువు చెప్పిండ్రు అమ్మమ్మా అని అడిగింది. ఎవరూ చెప్పలేదు, నేనే చదువుకున్నాను అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందంటే, అది అబద్ధమని నాకు తట్టేసరికి పిల్ల మళ్ళీ ఫోనులోకి తల దించేసింది. పదవీ విరమణ నాడు శాలువా కప్పినప్పుడు కూడా నేను అమ్మకూ నాన్నకూ, నాకు అక్షరాలు దిద్దించిన పంతులుగారికీ పేరుపేరునా దండాలు చెప్పి, చెప్పవలసిన ఒక్క మనిషిని వదిలేశాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు నిజం చెప్పమని నేర్పిన దాన్ని. నా ఈడు వాళ్ళు ఎవరైనా ఇది చదివితే నన్ను అర్థం చేసుకుంటారో అసహ్యించుకుంటారో తెలియదు కాని, పిల్లకు నోటితో చెప్పలేనిది ఇక్కడ రాసి పెడుతున్నాను.

మాది సిరిసిల్ల. నాన్న సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. మా ఇంట్లో నాలుగు సాంచాలు, పక్కింట్లో ఆరు, ఎదురింట్లో మరి ఎన్నో. తెల్లవారిన దగ్గర్నుంచి ఆ చప్పుడులోనే పుట్టి పెరిగినవాళ్ళం గనుక మేం మాట్లాడితే బయటివాళ్ళకు పోట్లాడుతున్నట్టు ఉండేది. ఇంటరు పాసయ్యాక టీచరు ట్రైనింగుకు పరీక్ష రాస్తానని నేను పట్టుబడితే, ఈ చప్పుడులో ఏం చదువు తలకెక్కుతుందని నాన్నే ఆలోచించి, నన్ను కోరుట్లలో మా పెద్దమ్మ ఇంట్లో దింపి వచ్చాడు. పెద్దమ్మకు భర్త లేడు. ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది, నాకు అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త వదిలేస్తే పుట్టింటికి వచ్చి, బీడీలు చుడుతూనే ప్రైవేటుగా పరీక్షలు కట్టి ఇంటరు దాకా వచ్చింది. కొడుకు నాకంటే రెండేళ్ళు పెద్ద. కాలేజీకని పోయినవాడు ఒకనాడు ఇంటికి రాలేదు. అడవిలో ఉన్నవాళ్ళలో కలిశాడని ఊళ్ళో అందరికీ తెలుసు గాని ఎవరూ పైకి అనరు. ఆ రోజుల్లో మా వైపు అన్న అనే మాటే గొంతు తగ్గించి పలికేవాళ్ళం, సొంత అన్నను గురించి అయినా సరే.

నాకు చదువు చెప్పింది అక్క. నేనూ అక్కా ఒకే పరీక్షకు తయారవుతున్నాం. ఉన్నది ఒకటే గైడు. దాన్ని గోడకు ఆనించి నిలబెట్టి, తను ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తూ, నేను చదివి వినిపిస్తుంటే విని, నేను ఎక్కడ తప్పు చదివానో ఆకు మీంచి చూపు ఎత్తకుండానే చెప్పేది. భిన్నాలు నాకు ఎంతకీ ఎక్కేవి కావు. ఒకనాడు ఆకుల కట్ట విప్పి, సగం చేసి, ఆ సగంలో మూడో వంతు నా ముందు పెట్టి, ఇప్పుడు మొత్తంలో ఎన్నో వంతు అని అడిగింది. నేను వేళ్ళతో ఎంచి చెప్పాను. మళ్ళీ ఎప్పుడూ భిన్నాల్లో తప్పు పోలేదు. ఉద్యోగంలో చేరాక చింతగింజలతో, చీపురు పుల్లలతో అదే పద్ధతిలో చెబితే, తనిఖీకి వచ్చిన పెద్దసారు ఇది ఎక్కడ నేర్చావమ్మా అని మెచ్చుకున్నాడు. ట్రైనింగులో నేర్చుకున్నాను సార్ అన్నాను.

నేను లెక్క తప్పి విసుక్కుంటే అక్క చాటలోంచి చేయి తీసి నా నెత్తి మీద మెల్లగా మొట్టేది.

"నువ్వు గిట్ల తప్పుతెనే మంచిది. రేపు పోరగాండ్లు తప్పినప్పుడు నీకు కోపం రాదు."

ఆమె వేళ్ళకు ఎప్పుడూ పొగాకు వాసన ఉండేది. నా జుట్టుకూ పట్టేది.

అక్కకు అది ఆఖరి అవకాశం. మరుసటి ఏటికి వయసు దాటిపోతుంది. దరఖాస్తులు జగిత్యాలలో ఒక కాలేజీలో తీసుకుంటున్నారు. గడువు ముగిసే ముందు రోజు ఇద్దరం పోదామనుకుంటే, బీడీల కార్ఖానాలో ఆ రోజూ మర్నాడూ మాలు అప్పజెప్పాలని కబురొచ్చింది. తన దరఖాస్తును ఒక కవరులో పెట్టి, పైన పేరూ పుట్టింటి ఇంటిపేరూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పెద్దమ్మ పూజ చేసే దేవుడి పటం ముందు కాసేపు ఉంచి, నా చేతికిచ్చింది. పోయి రా, కవరు పైలం అన్నది. అంతే.

బస్సులో నేను కిటికీ పక్కన కూర్చున్నాను. కోరుట్ల దాటాక దారిలో బస్సు ఆపారు. పోలీసులు ఎక్కి మగవాళ్ళను కిందికి దింపి వరసగా నిలబెట్టి పేర్లడుగుతున్నారు. అది మాకు కొత్త కాదు. కాని ఆ రోజు నా ఒళ్ళో అన్న ఇంటిపేరు ఉంది. అంతకు నెల ముందే పోలీసులు పెద్దమ్మ ఇంటికి వచ్చి, వాడు ఎక్కడున్నాడో చెప్పమని ఇల్లంతా వెతికి పోయారు. ఈ కవరు చూస్తే నువ్వు వాడికి ఏమవుతావని అడుగుతారు, నన్నూ దింపుతారు, రేపు గడువు దాటిపోతుంది, నాకు సీటు రాదు. ఇదంతా ఒక్క క్షణంలో నా తలలో తిరిగింది. సీటుకూ బస్సు గోడకూ మధ్య సందు ఉంటే, అక్క కవరును అందులోకి తోసేశాను.

ఒక కానిస్టేబులు నా దాకా వచ్చాడు. మా నాన్న వయసు ఉంటుంది.

"ఏడికి వోతున్నవ్ బిడ్డా?"

"జగిత్యాలకు సార్. టీచర్ ట్రైనింగుకు అప్లికేషన్ ఇయ్యవోతున్న."

"మంచిది. సదువుకో."

నా సంచి కూడా ముట్టుకోలేదు. మగవాళ్ళు మళ్ళీ ఎక్కారు. బస్సు కదిలింది.

ఇక్కడి దాకా భయం. భయపడ్డానని చెప్పుకోవడానికి నాకు పెద్దగా సిగ్గు లేదు, ఆ కాలంలో భయపడనివాళ్ళు ఎవరు. కాని జగిత్యాల ఇంకా అరగంట దూరం ఉంది. ఆ అరగంటా కవరు నా మోచేతి పక్కనే, సందులో, చివర కాస్త తెల్లగా కనబడుతూ ఉంది. వేళ్ళు పెడితే అందుతుంది. ఒకసారి చేయి సగం దాకా పోయింది కూడా. కాలేజీలో ఆ ఇంటిపేరు చూసి ఏమంటారో అనుకున్నాను. ఆ తర్వాత ఇంకొక ఆలోచన వచ్చింది, దాన్నే నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సీట్లు కొన్నే, అక్క రాస్తే నాకంటే పైన ఉంటుంది అనుకున్నాను. చేయి వెనక్కి తీసుకున్నాను. జగిత్యాలలో దిగి, నా దరఖాస్తు ఒక్కటే ఇచ్చి, ఇంకో బస్సెక్కి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అక్క గడపలో నిలబడి ఉంది.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"కాయితం ఏమన్న ఇచ్చిండ్రా?"

"ఇయ్యలే. పోస్టుల హాల్ టికెట్ అస్తదన్నరు."

హాల్ టికెట్ వచ్చింది, నాది. అక్కది రాలేదు. వారం రోజులు పోస్టుమ్యాన్ సైకిలు గంట వినబడితే చాట పక్కన పెట్టి లేచి బయటికి వచ్చేది. ఎనిమిదో రోజు, జగిత్యాల పోయి అడిగి వస్తానని చీర మార్చుకుంది. అడిగితే అసలు దరఖాస్తే రాలేదంటారు. అప్పుడు నేను రెండో అబద్ధం చెప్పాను, అది మొదటిదాని కంటే వెయ్యి రెట్లు పెద్దదని ఆ పద్దెనిమిదేళ్ళ వయసులో నాకు తెలియదు. ఆ రోజే ఆఫీసులో నీ ఇంటిపేరు చూసి తమ్ముడి సంగతి అడిగారు, పక్కన పెట్టేశారు, నువ్వు బాధపడతావని చెప్పలేదు, ఇప్పుడు పోతే నిన్ను కూడా పట్టుకుంటారేమో అన్నాను.

అక్క కట్టుకున్న చీరతోనే కూలబడింది. తర్వాత లేచి గోడ మీదున్న తమ్ముడి ఫోటో తీసి, బట్టలో చుట్టి, ఆకుల బస్తా వెనక పడేసింది. పెద్దమ్మ ఏడుస్తూ మళ్ళీ తగిలించబోతే ఒప్పుకోలేదు. తెల్లవారి మళ్ళీ గైడు గోడకు ఆనించి, చదువు అన్నది నాతో. పరీక్ష నాటి దాకా ఒక్క రోజు కూడా మానకుండా నాకు చెప్పింది. తనకు రాని పరీక్షకు నన్ను తయారు చేసింది. ఆ రోజుల్లో నేను అన్నం ఎట్లా తిన్నానో, ఆమె పక్కన ఎట్లా పడుకున్నానో, ఇప్పుడు తలుచుకుంటే నా ఒంటి మీద నాకే రోత పుడుతుంది.

నాకు సీటు వచ్చింది. ట్రైనింగు రెండో ఏడు, సెలవులకు కోరుట్ల వచ్చి ఉన్నప్పుడు కబురు తెలిసింది. అడవిలో కాల్పులు జరిగాయని, అన్న పోయాడని, శవాన్ని జగిత్యాల ఆస్పత్రిలో పెట్టారని, ఇంటివాళ్ళు వచ్చి గుర్తుపట్టాలని. సిరిసిల్ల నుంచి మా నాన్న వచ్చాడు. పెద్దమ్మ బయల్దేరింది. అక్క కదలలేదు. బీడీ చుడుతూనే ఉంది.

"నేను రాను చిన్నాయినా. వాడు నా బతుకు ఖరాబు జేసిండు. గా ఒక్క కాయితం ముక్క నాకు దక్కకుండ జేసిండు. సచ్చినంక నా మొఖం వానికెందుకు?"

నేను గడప దగ్గరే ఉన్నాను. అక్కా, ఆ కాయితం వాడి వల్ల పోలేదు, నా వల్ల పోయింది అని ఒక్క మాట అంటే చాలు. పెద్దమ్మ నా వైపు చూసింది, నువ్వైనా చెప్పవే అన్నట్టు. నేను వాకిట్లోకి నడిచి, నాన్న కోసం నీళ్ళు తోడటం మొదలుపెట్టాను. పెద్దమ్మా నాన్నా మాత్రమే వెళ్ళారు. శవాన్ని ఇంటికి తేలేక, జగిత్యాల బయటే కాల్చి వచ్చారు.

ఆ తర్వాత నేను టీచరునయ్యాను, పెళ్ళయింది, పిల్లలు, బదిలీలు. అక్క బీడీలు చుట్టింది. మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ముందు రోజే వచ్చి వంటపని చూసేది. మా టీచరమ్మ అని నన్ను అందరికీ చూపించేది. పెద్దమ్మ పోయింది, నాన్న పోయాడు. నేను రిటైరైన ఏడు, ఇక దాచుకోవడానికి ఉద్యోగం కూడా లేదు కదా అనిపించి, కోరుట్ల పోయి, అక్క ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పాను. సందులో కవరు సంగతి, అరగంట సంగతి, నాకంటే పైన ఉంటావనుకున్న సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. కొడుతుందని ఆశపడ్డాను. ఆమె చేతిలో సగం చుట్టిన బీడీ అట్లాగే ఉంది. ఉద్యోగం మాట ఎత్తలేదు.

"గీ ముచ్చట అప్పుడే చెప్తే, తమ్మున్ని సూడవోదును గదనే."

పొద్దుగూకే దాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. నేను లేస్తుంటే అడిగింది, వాణ్ణి కాల్చిన జాగ నీకు ఎరుకేనా అని.

నాన్న ఒకప్పుడు చెప్పిన గుర్తులు నాకు తెలుసు. వాగు దాటాక ఎడమ చేతి వైపు, మూడు ఈత చెట్లు, వాటి వెనక బండరాయి. మర్నాడు పొద్దున్నే ఇద్దరం జగిత్యాల వెళ్ళాం. దారిలో బస్సును ఎవరూ ఆపలేదు. ఇప్పుడెవరూ ఆపరు. పక్కన కూర్చున్న పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని నిద్రపోతున్నారు, ఒకప్పుడు ఈ దారిలో పేరు చెప్పడానికి మనుషులు వణికేవారని వాళ్ళకు తెలియదు, తెలియకపోవడమే మంచిదేమో. ఆటో మాట్లాడుకుని వాగు దాటాం. ఈత చెట్లు లేవు, బండరాయి లేదు. అన్నీ ఇళ్ళు, రెండంతస్తుల ఇళ్ళు, గల్ఫు పైసలతో కట్టినవి, రంగురంగుల గేట్లు. ఈ గల్లీ కాదు ఆ గల్లీ అనుకుంటూ గంటసేపు తిరిగాం. అడుగుదామంటే ఏమని అడగాలి, ఎవరిని అడగాలి.

చివరికి ఒక ఇంటి ముందు అక్క ఆటో ఆపించింది. అదే చోటని ఆమెకు ఎందుకనిపించిందో నాకు తెలియదు. దిగి, గేటు పక్కన చెప్పులు విడిచి, కొంగు నిండా కప్పుకుని నిలబడింది. లోపల కుక్కరు కూత పెడుతోంది. బడికి పోయే పిల్ల రెండు జడలతో బయటికి వచ్చి మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి పరిగెత్తింది. ఆ ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎవలు గావాలమ్మా అని అడిగింది.

నేను నోరు తెరిచాను. అక్కే చెప్పులు తొడుక్కుంటూ జవాబిచ్చింది.

"ఎవల్లేరు బిడ్డా. తొవ్వ తప్పినం."