గొర్రె గ్రంథికి అంటిన రంగు

నగరి నుంచి మొదటి బస్సుకే నాయన ప్రెషర్ కుక్కరు పట్టుకుని తిరుపతి వచ్చాడు. అది ల్యాబు కోసమంటే అమ్మ నమ్మలేదట. హాస్టల్లో వంట చేసుకోవడానికే అయ్యుంటుందని, కుక్కరు నిండా కందిపప్పు పోసి పంపింది.

నేనప్పుడు పశువుల జబ్బుల మీద పరిశోధన చేస్తున్నాను. రోగాలతో పోరాడటానికి శరీరం తయారుచేసుకునే యాంటీబాడీల్లో బరువైన గొలుసులు, తేలిక గొలుసులు ఉంటాయి. తేలిక గొలుసుల్లో మళ్ళీ కప్పా, లాంబ్డా అని రెండు రకాలు. మనుషుల్లో ఒక గడ్డలోని కణాలన్నీ ఒకే రకం గొలుసు చేస్తుంటే క్యాన్సరేమోనని అనుమానిస్తారు. ఆ గొలుసుల్ని వెతికి పట్టుకోవడానికి మోనోక్లోనల్ యాంటీబాడీలు దొరుకుతాయి. ఒకే కణం సంతతి నుంచి తయారైనవి కాబట్టి, అవన్నీ ఒకే గుర్తుకు అతుక్కుంటాయి. గొర్రెల కోసం చేసినవి మాకు దొరకలేదు. మనిషి లాంబ్డా కోసం చేసినది గొర్రె లాంబ్డాకు కూడా అతుక్కుంటుందా? నేను తేల్చాల్సింది అదే.

అప్పటికి చాలాసార్లు ప్రయత్నించాను. యాంటీబాడీ అతుక్కున్న చోట గోధుమరంగు తేలాలి. మనిషి టాన్సిల్ ముక్క మీద అది వచ్చేది. మాంసం కొట్టు భాయ్ ఇచ్చిన గొర్రె లింఫు గ్రంథి మాత్రం తెల్లమొహం వేసేది. కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్‌లో నానినందువల్ల ఆ గుర్తు మూసుకుపోయి ఉంటుందని, దాన్ని తెరవడానికి ల్యాబులోని నీళ్ళతొట్టి వేడి చాలడం లేదని, కుక్కర్లో పెట్టి చూడమని మా గైడు మేడం చెప్పారు.

కందిపప్పు కవర్లోకి వంపి, కుక్కర్లో ద్రావణం పోసి, గ్రంథి పలుచటి పొరలు అంటించిన గాజు స్లైడ్లు పెట్టాను. నాయన పక్కనే నిలబడి చూశాడు.

"అద్దం ముక్కల్ని ఉడకబెడతారామ్మా ఈడ?"

నవ్వొచ్చింది. సాయంత్రందాకా పని ఉంటుందని చెబితే, నూలు అంగడి చూసుకుని వస్తానని వెళ్ళాడు.

స్లైడ్లు చల్లారాక ఒకదాని మీద లాంబ్డా యాంటీబాడీ, ఇంకోదాని మీద కప్పాది వేశాను. మూడోదాని మీద ఏదీ వేయకుండా పోలిక కోసం ఉంచాను. చివరికి రంగు చుక్క వేసి చూస్తుంటే, లాంబ్డా స్లైడు మీద గ్రంథి అంచు కాస్త మసకబారినట్టనిపించింది. కళ్ళు నులుముకుని మైక్రోస్కోపు కింద పెట్టాను. అన్నిటికీ పట్టే నీలి రంగు కణాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి గోధుమరంగు కణాలు, ఒక్కోదాని చుట్టూ చక్కటి వలయం. పరుగున వెళ్ళి మేడంను పిలుచుకొచ్చాను.

ఆమె మూడు స్లైడ్లూ మార్చి మార్చి చూశారు. ఏమీ వేయని స్లైడులో నీలి రంగు తప్ప ఇంకేమీ లేదు. కప్పాది కూడా దాదాపు అలాగే ఉంది. అది చూసి నాకు భయమేసింది. గొర్రెల్లో లాంబ్డాయే చాలా ఎక్కువ కాబట్టి అలా ఉండొచ్చని, ఆ యాంటీబాడీ గొర్రెకు పనిచేయకపోయి కూడా ఉండొచ్చని, అది వేరే తేల్చాలని ఆమె అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "లాంబ్డా మాత్రం అతుక్కుంది. రేపు ఇంకో గొర్రె మీద చేయి. అప్పుడు నమ్ముతాను" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో నవ్వు దాగలేదు.

అప్పుడే నాయన వచ్చాడు. మేడం లేచి ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. నాయన ఒక కన్ను మూసుకుని మైక్రోస్కోపులోకి చాలాసేపు చూశాడు.

"ఏందో ఎర్రమన్ను చల్లినట్టుండాది. నువ్వు ఎతుకుతా ఉండింది ఇదేనా?"

"అదే నాయనా."

"అయితే ఇంకోసారి సూస్తానుండు" అని మళ్ళీ వంగాడు. బస్సుకు ఆలస్యమవుతుందన్నా లేవలేదు.

మర్నాడు ఉదయమే మాంసం కొట్టుకు వెళ్ళాను. ఇంకో గొర్రె గ్రంథి తెచ్చి, ఈసారి ఫార్మలిన్‌లో తక్కువసేపే ఉంచాను. ఆ వారంలోనే దాని స్లైడు మీద కూడా అవే వలయాలు, ఇంకా స్పష్టంగా కనిపించాయి. మేడం తన ఫోనుతో తానే ఫొటో తీసుకున్నారు. ఆవు కణజాలం ఎప్పుడు మొదలుపెడదామని నేనడిగేలోపే, బీరువాలోంచి ఆ కణజాలం పొదిగిన మైనపు దిమ్మెల పెట్టె తీసి నా చేతిలో పెట్టారు.