బాపమ్మ ఫోటో... ఉప్పేసిన ఇంకు

మా చిన్నప్పుడు... స్టూడియో నుంచి ఫోటో ఇంటికి రాగానే బాపమ్మ దాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టి చూసి, "గీమె ఎవలు?" అంది.

బాపమ్మ అంటే మా బాపును, అంటే నాన్నను, కన్నతల్లి. సిరిసిల్లలో మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు బతికుండగానే ఒక మంచి ఫోటో తీయించి పెట్టుకునేవాళ్ళు... పోయాక గోడకు పెట్టడానికి. ఆమె కూడా మంచి చీర కట్టుకుని, కొప్పు పెట్టుకుని సంబరంగా వెళ్ళి తీయించుకుంది. తీరా చూస్తే అందులో పాలమీగడలా ఎవరో తెల్లటి ముసలామె... నుదుటి మీది పచ్చబొట్టు గీత లేదు, గడ్డం మీది మూడు చుక్కలూ లేవు.

"మా అవ్వ నన్ను ఒళ్లె కూసుండవెట్టుకొని పొడిపిచ్చింది. పోయేటప్పుడు నా ఎంట వచ్చేది గా పచ్చబొట్టొక్కటే. దాన్నే తుడిచిండా వాడు? గిది గోడకు వెడితె, నా సావుకు వచ్చినోళ్లు ఇల్లు తప్పినమనుకొని మర్లిపోతరు."

నవ్వొచ్చింది గానీ, ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నవ్వలేకపోయాను.

బాపు ఆ ఫోటో తిరిగి తీసుకెళ్తే స్టూడియో ఆయన, "అందరు తెల్లగనే అడుగుతరన్నా. నల్లగ చెయ్యమన్నోన్ని నిన్నే చూస్తున్న" అన్నాడట. "నల్లగ చెయ్యమనలే. ఉన్నట్టు ఉంచమన్న" అని చెప్పి బాపు వచ్చేశాడు. వచ్చి, మనింట్లోనే తీద్దాం, ఎట్లా రాదో చూస్తా అన్నాడు.

మా ఇంట్లో ఫోటో ప్రింటర్ ఉంది మరి... దుబాయ్ నుంచి మా మేనమామ కెమెరాతో పాటు తెచ్చింది. కంప్యూటర్ అక్కర్లేదు, కెమెరాలోని కార్డు దానికి పెడితే చాలు. కాకపోతే దాంతో వచ్చిన ఇంకు నాలుగు సరదా ఫోటోలకే అయిపోయింది. కొత్త ఇంకు డబ్బాలు కొనడమంటే ఇంకో ప్రింటర్ కొన్నంత పని. అందుకని అది టీవీ పక్కన పూలగుడ్డ కప్పుకుని ఊరికే కూర్చుని ఉండేది.

బాపుది నూలుకు రంగులద్దే పని. రంగు విషయంలో ఎవరికీ లొంగే మనిషి కాదు. కరీంనగర్ వెళ్ళి విడిగా అమ్మే ఇంకు సీసాలు తెచ్చాడు, మందుల షాపులో సిరంజి కొన్నాడు, ఖాళీ డబ్బాల్లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. అక్కడే ఒక ఘనకార్యం చేశాడు... నూలుకు రంగు గట్టిగా పట్టాలంటే అద్దకం నీళ్ళలో ఉప్పు వేస్తారు. ఫోటోకీ అంతే అనుకుని ఇంకులో చిటికెడు ఉప్పు కలిపాడు.

ప్రింటర్ రెండు గీతలు గీసి ఊరుకుంది. ఇంకు కారే సన్నటి రంధ్రాల్లో ఉప్పు ఆరి గడ్డకట్టింది. మా అవ్వ, అంటే అమ్మ, వంటింట్లోంచి వచ్చి చూసి, "నేను పప్పుల ఉప్పు మర్శిపోతె లొల్లి వెడ్తవ్... ఇంకుల మాత్రం యాదికుంచుకొని ఏసినవా?" అంది.

బాపు వదల్లేదు. గోరువెచ్చటి నీళ్ళతో తడిపిన మెత్తటి గుడ్డ మీద డబ్బాలను ఆనించి, కడిగి, కడిగి, ఈసారి ఉప్పు లేకుండా నింపాడు. బాపమ్మను వాకిట్లో నీడపట్టున కూర్చోబెట్టి ఫోటో నేనే తీశాను.

మొదటిసారి ఆమె ముఖం వంకాయ రంగులో వచ్చింది. మేం పెట్టింది నిగనిగలాడే ఫోటో కాగితం, ప్రింటర్ సెట్టింగులో ఉన్నది మామూలు కాగితమని... చిన్న తెర మీద వెతికి అది మార్చాక దారికొచ్చింది. పెద్ద కాగితాలు పాడుచేయకుండా ముందు చిన్న కార్డుల మీదే తీసి చూసుకున్నాం. ఒకటి బయటికి రాగానే, "ఇంక మబ్బుగనే ఉంది బాపూ, వెలుతురు పెంచుదమా?" అన్నాను.

"ఆగు బిడ్డా. తడి మీద రంగు తెల్వది. జర ఆరనియ్యి."

నూలు చిలపలు, అంటే రంగేసిన నూలు కట్టలు, ఆరేసే దండేనికే, నీడలో, క్లిప్పు పెట్టి వేలాడదీశాడు. తెల్లారాక, నమూనా నూలు పక్కన కొత్త నూలు పట్టి చూసినట్టే, దాన్ని బాపమ్మ చెంప పక్కన పట్టి చూశాడు. ట్యూబులైటు కింద కాదు... పొద్దుటి వెలుగులో. కొంచెం ఎరుపు తగ్గించాడు. మళ్ళీ ఆరేశాడు, మళ్ళీ చెంప పక్కన పెట్టాడు. బాపమ్మ కూడా విసుక్కోకుండా "సూడు, మంచిగ సూడు" అని ముఖం ఇటూ అటూ తిప్పేది.

చివరికి పెద్ద కాగితం మీద తీశాం. బాపమ్మ ముందు గడ్డం మీద చుక్కలు వెతుక్కుంది... మూడూ ఉన్నాయి. వాటిని వేలితో తాకి, "గిది నేను" అంది.

అప్పుడే వచ్చిన మా మేనత్త, బాపుకు అక్క, పెదవి విరిచింది. "గింత నల్లగనా? జర తెల్లగ చేస్తె ఏంబోయింది?"

బాపమ్మ ఫోటోలోంచి తల ఎత్తలేదు. "నీ తమ్ముడు నూలుకు రంగేస్తడు బిడ్డా. నాకెయ్యడు. నా రంగు నాకున్నది."

బాపమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఫోటోనే గోడకు పెట్టాం... సావుకు వచ్చినవాళ్ళు ఎవరూ ఇల్లు తప్పలేదు.

ఇప్పుడు మనం అడక్కుండానే ఫోన్లు ముఖాలు తెల్లగా చేసేస్తున్నాయి. మచ్చ ఉంచవు, ముడత ఉంచవు, పుట్టిన రంగూ ఉంచవు. కొత్త ఫోన్ కొన్నప్పుడల్లా నేను ముందు ఆపేసేది ఆ తెల్లగా చేసే సెట్టింగునే. చుట్టాలు నవ్వుతారు, నవ్వనీ.

చవక ఇంకు కదా... ఏళ్ళు గడిస్తే వెలిసిపోతుంది. వెలిసినప్పుడల్లా బాపమ్మ ఫోటో మళ్ళీ ఇంట్లోనే ప్రింటు తీస్తాం. ఆరాక పక్కన పెట్టి చూద్దామంటే ఆ చెంప లేదు ఇప్పుడు... ఆమె రంగే వచ్చిన బాపు వాకిట్లోకి వెళ్ళి, పొద్దుటి వెలుగులో, తన చెంప పక్కన పట్టుకుని నిలబడతాడు. సరిపోయిందో లేదో నేను చెప్తాను.

మీ ఇంట్లో గోడ మీది పెద్దవాళ్ళు వాళ్ళ రంగులోనే ఉన్నారా? ఉంటే ఆ ఫోటోలు కింద కామెంట్లలో పెట్టండి, కళ్ళారా చూసుకుందాం... తెల్లగా చేసి మాత్రం పెట్టకండి.