వరుసలు వచ్చాయి, వరస కుదరలేదు

ఆ రోజుల్లో నాతో చదివినవాళ్ళంతా హైదరాబాదు బస్సెక్కేశారు. తిరువూరులో మిగిలిపోయిన నాకు పగటిపూట మాట్లాడే మనిషి దొరికితే పండగే. అందుకే బస్టాండు పక్క పెళ్ళిళ్ళ బ్యూరోలో కంప్యూటరు పని ఉందనగానే జీతం ఎంతని అడక్కుండా చేరిపోయాను. (అడిగి ఉంటే చేరేవాణ్ణి కాదు.)

బ్యూరో నడిపే ఆవిణ్ణి ఊరంతా అత్తయ్యగారనే పిలిచేది. అబ్బాయి తరఫువాళ్ళు గోత్రం, చదువు, ఎత్తు, ఊరు అంటూ షరతులు చెబితే, మా కంప్యూటరు మొదట జాబితాలోని అమ్మాయిలందరి జాతకాలకీ పొంతన చూసి, ఆ తర్వాత తీరిగ్గా గోత్రం దగ్గరికొచ్చేది. ఈలోగా టీ చల్లారేది. వచ్చినవాళ్ళు నా పక్క కుర్చీలో కూర్చుని "మీదే ఊరు బాబూ?" అని మొదలుపెట్టి, పెనుగొలనులో పత్తికి పట్టిన పురుగు దాకా చెప్పేవాళ్ళు. నాకు ప్రాణం లేచొచ్చేది. అయినా చదివిన చదువు ఊరుకోదు కదా. గోత్రం, ఊరు లాంటి తేలిక షరతులతో ముందే వడగట్టి, మిగిలిన నలుగురికే జాతకం చూసేలా మార్చేశాను. మీట నొక్కితే రెప్పపాటులో తెర మీద వరుసలు. అత్తయ్యగారు మురిసిపోయారు. జనం మాత్రం కాగితం అందుకుని, కూర్చోకుండానే ఆటో ఎక్కేవాళ్ళు. ఇంత తెలివి ఎవడు చూపించమన్నాడని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ వారంలోనే, కొడుక్కి సంబంధాలు పట్టుకెళ్ళిన రెడ్డిగూడెం మామిడితోట పెద్దాయన ఆ కాగితంతోనే తిరిగొచ్చారు.

"ఏంటయ్యా ఇది? ఈ పిల్లలందరిదీ మా గోత్రమే. మావాడికి చెల్లెళ్ళవుతారు. పెళ్ళికూతుర్ని చూపించమంటే రాఖీ కట్టేవాళ్ళని చూపిస్తావా?"

చూస్తే, గోత్రం ఒకటి 'కాకూడదు' అనాల్సిన చోట 'కావాలి' అని రాశాను.

"వేగం సరే నాయనా, వరస చూడొద్దూ?" అన్నారు అత్తయ్యగారు.

"ఒక్క ముక్క తేడా వచ్చిందండీ" అన్నాను.

"ఆ ముక్కకే మావాడు చెల్లెల్ని చేసుకునేవాడు" అంటూ పెద్దాయన పక్క కుర్చీలో కూలబడ్డారు. కాసేపు తిట్టారు. కోపం చల్లారాక, "ఇంతకీ మీదే ఊరు బాబూ?" అన్నారు. ఆ తప్పు దిద్దడానికి నిమిషం చాలు. నేను మధ్యాహ్నం భోజనాలవేళ దాకా దిద్దుతూనే ఉన్నాను.

ఇప్పుడూ తిరువూరులోనే ఉన్నాను. మేడ మీద గదిలో ఒక్కణ్ణే కూర్చుని, ఎన్నడూ మొహం చూడని వాళ్ళ కోసం ఇలాంటి ప్రోగ్రాములే రాస్తున్నాను. నేను రాసినవి చాలా వేగంగా నడుస్తాయని పేరు. ఎప్పుడైనా ఒకటి మొరాయించి తెర మీద చక్రం తిరుగుతుంటే నాకు కోపం రాదు. పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసి నవ్వుకుంటూ, "మాది ఇదే ఊరండీ" అంటాను.