అడవి గుడిసె దారి

మశూచితో చచ్చినవాళ్ళ బట్టలు దాచి, వాటితో అజోకె ఊరిమీదికి రోగం వదిలిందని సంతలో మిరపకాయలమ్మేవాళ్ళంతా చెప్పుకుంటున్నారు. అది పచ్చి అబద్ధం. ఆ బట్టలు మశూచి దేవుడి పూజారిణికే చెందడం ఆనవాయితీ. అజోకె తనే ఆ పూజారిణి అయినా అన్నిటినీ పాతిపెట్టి, ఏళ్ళ తరబడి ఒకే నీలం గుడ్డ కట్టింది. దేవుడి పేరు పలికేది కాదు, ‘రాజుగారు’ అనేది. కాలిన నేలంటే రాజుగారికి కోపమని, ముందు కల్లు చిలకరించి ఆ తరవాతే అడుగేసేది. రోగుల్ని వీపున మోసుకెళ్ళి అడవి గుడిసెలో పడుకోబెట్టి, ఆకుదొన్నెతో చల్లటి మొక్కజొన్న జావ తాగించేది. ఆమె, ఆ రోగులు తప్ప ఆ దారి ఎవరూ తొక్కి ఎరగరు.

అలాంటిది మొన్న తెల్లదొర పోలీసులు ఎవర్నీ అడగకుండా తిన్నగా అక్కడికే పోయి గుడిసె తగలబెట్టారు. అప్పట్నుంచి అజోకె జావ కాచడం మానేసింది. పొరుగింటి రోన్కె ఉండబట్టలేక అడిగేసింది.

“పెద్దమ్మా, దారి చూపించిన ఆ పాడుమొహం ఎవరిదే? చెప్పు, సంతలో జుట్టుపట్టి ఈడుస్తా.”

అజోకె ఖాళీ జావకుండ బోర్లించింది.

“ఆ గుడిసెకి ఇంతవరకూ పన్నెండుమందిని మోశాను తల్లీ. పదకొండుమంది అక్కడే మట్టిలో ఉన్నారు. నడిచొచ్చింది నా కూతురు ఎబున్ ఒక్కతే.”